అక్క నడిచిన గంట

మా బావను వీధిలో అందరూ గాలాయన అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. అక్కకు సంబంధం చూస్తున్న రోజుల్లో, ఉద్యోగం ఏమిటని అడిగితే "ఊళ్ళో గాలి ఎలా ఉందో కొలుస్తుంటాం" అన్నాడు. "కొలిచి ఏం చేస్తారు, మూటకట్టి అమ్ముతారా?" అన్నాను. పెద్దవాళ్ళు నన్ను కసిరారు. ఆయన మాత్రం పగలబడి నవ్వి, "కొనేవాళ్ళుంటే అమ్మేవాళ్ళమే మరదలా" అన్నాడు. ఈ మనిషికి కోపం రాదని అప్పుడే తెలిసింది. ఆ లోటు తీర్చడానికి నేనున్నాను.

ఇల్లు మా అక్కచెల్లెళ్ళిద్దరిదీ. కింద అక్కా బావా, పైన నేనూ నా కుట్టుమిషనూ. వాళ్ళకు పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరితోనూ ఏదో ఒక మాట మీద పోట్లాడి పంపించేశానని అక్క ఊరంతా చెప్పుకునేది. అందులో అబద్ధం లేదు. సాయంత్రాలు ముగ్గురం కింద వరండాలో కూర్చుని టీ తాగేవాళ్ళం. బావ అక్కను ఆటపట్టించేవాడు, నేను బావను ఏడిపించేదాన్ని, అక్క ఇద్దరినీ చూసి పొట్ట పట్టుకుని నవ్వేది. అక్క భారీ మనిషి. నవ్వితే కుర్చీ కూడా నవ్వేది.

బావ పని చెప్పడం తేలికే. ఊళ్ళో అక్కడక్కడా బీరువా అంత ఇనప పెట్టెలుంటాయి, నెత్తిన ఒక గొట్టంతో. ఆ గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. అందులో దుమ్మెంత, పొగెంత, గంధకం ఘాటెంత అని లోపలి యంత్రం చూస్తుంది. పక్కన స్తంభం మీద గాలి ఎటు వీస్తోంది, ఎండ ఎంతుంది, తేమ ఎంతుంది అని కనిపెట్టే చిన్న సామానుంటుంది. ఆ అంకెలన్నీ గంటగంటకూ ఆఫీసులో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు చేరతాయి. అది వాటికి రంగులు వేసి తెర మీదా, జనం ఫోన్లలోనూ చూపిస్తుంది. పచ్చగా ఉంటే మంచి గాలి. పసుపైతే ఫరవాలేదు. ఎరుపైతే తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోమని. ఆ సాఫ్ట్‌వేర్‌ను పసిపిల్లలా సాకడం బావ పని. అంకె రాకపోతే ఎందుకు రాలేదో చూడాలి, పిచ్చి అంకె వస్తే కొట్టేయాలి.

మా వీధి చివర పార్కు మూలన కూడా ఒక పెట్టె ఉంది. పార్కు గోడ అవతల ముళ్ళకంపల ఖాళీ స్థలం, దాని అవతల లోహం కరిగించే ఫ్యాక్టరీ. ఆ పెట్టెను అక్కడ పెట్టిందే ఆ ఫ్యాక్టరీ కోసం. పగలు చూస్తే దాని పొగగొట్టం మీద పొగ ఉందా లేదా అన్నట్టుండేది. "మన పెట్టె భయం" అనేవాడు బావ గర్వంగా.

యంత్రానికి రోజూ ఒక పరీక్ష ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి అది బయటి గాలి రాకుండా గొట్టం మూసుకుని, పక్కనున్న సిలిండర్లోంచి శుద్ధమైన గాలి పీల్చుకుంటుంది. అప్పుడు సున్నా చూపిస్తే యంత్రం బాగున్నట్టు. తర్వాత ఇంకో సిలిండర్లోంచి తెలిసిన మోతాదులో ఘాటు గాలి పీల్పించి, దాన్ని సరిగ్గా పట్టుకుందో లేదో చూస్తారు. మొత్తం గంట పని. ఆ గంటసేపు యంత్రానికి బయటి గాలి తెలియదు. ఐదింటికని పెట్టింది బావే. ఊరంతా పడుకుని ఉండే వేళ, రోడ్డు మీద బండి ఉండదు, అప్పుడు చూడకపోతే మునిగిపోయేదేమీ లేదని ఆయన లెక్క.

అంతా బాగానే ఉంది గానీ, రోజూ గ్రాఫ్ మీద ఆ గంట దగ్గర చిల్లు పడేది. పెద్దాఫీసరుకు చిల్లులంటే గిట్టదు. "ఏమిటయ్యా ఇది, ఎలకలు కొట్టిన గుడ్డలాగా!" అని గోల పెట్టేవాడట. బావ ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. పరీక్షకు ముందు గంటలో ఏ అంకె ఉందో దాన్నే ఇంకో గంట సాగదీయడం. నాలుగింటికి ఎంతో ఐదింటికీ అంతే. కొన్నాళ్ళు ఆ సాగదీసిన ముక్కను బూడిద రంగులో చూపించారు. ఇదేం రంగు, దీని అర్థం ఏమిటి అని జనం ఫోన్లు చేసి ప్రాణం తీస్తుంటే, దానికీ మామూలు రంగే వేసేశారు. ఆ సాయంత్రం బావ మెట్లెక్కి నా దగ్గరకొచ్చి, "నీలాగే నేనూ అతుకేశాను మరదలా. ఎక్కడ వేశానో చెప్పు చూద్దాం" అని ఫోన్ ముందు పెట్టాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. పోల్చలేకపోయాను. "ఉద్యోగం పోయినా ఫరవాలేదు బావా, నా దగ్గర పని ఇస్తాను" అన్నాను. మురిసిపోయాడు.

మంచి మనిషి. అది మాత్రం ఎవరడిగినా చెబుతాను, ఇవాళ్టికీ. జనం దగ్గర ఏదీ దాచకూడదని, ఏ పెట్టెకు ఏ వేళ పరీక్ష జరుగుతుందో కూడా ఆఫీసు వెబ్‌సైట్లో పెట్టించాడు. అది ఎవరూ చదవరని మేం నవ్వుకున్నాం. చదివేవాళ్ళు చదివారు.

అక్కకు షుగర్ వచ్చింది. డాక్టరమ్మ మందులు రాసి, మందులకన్నా నడక ముఖ్యమంది. అక్కకు నడవడమంటే జైలుశిక్షే. సాయంత్రం నడుస్తానంది. బావ ఒప్పుకోలేదు. మిగతావాళ్ళ మొగుళ్ళయితే బూట్లు కొనిచ్చి ఊరుకుంటారు. ఈయన పార్కు పెట్టె ఏడాది పొడుగునా చూపిన అంకెలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఏ గంటలో గాలి ఎలా ఉందో సగటు తీశాడు. తీసి, పరీక్ష పాసైన పిల్లాడిలా వరండాలోకి వచ్చాడు.

"సాయంత్రం వద్దే వద్దు. చూడు, పసుపు. పొద్దున ఏడు దాటితే బండ్లు. నాలుగు నుంచి ఆరు దాకా చూడు, పచ్చగా ఎలా ఉందో!"

"నాలుగింటికి దొంగలు నడుస్తారండీ" అంది అక్క.

"అయితే ఐదింటికి వెళ్ళు. ఐదు నుంచి ఆరు. ఈ ఊళ్ళో అంతకన్నా మంచి గంట లేదు, నా మాట విను."

ఆ మాట అన్నప్పుడు తన అతుకు సంగతి ఆయనకు గుర్తులేదా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఎందుకు లేదు, ఉంది. కానీ ఆ అతుకు ఆయన దృష్టిలో అబద్ధం కాదు. నాలుగింటికి మంచి గాలి ఉన్నప్పుడు, అందరూ పడుకునే ఉన్నప్పుడు, ఐదింటికి మాత్రం ఎందుకుండదు? తను అనుకుని వేసిన అంకె తనకే సాక్ష్యం చెప్పింది. కొన్నాళ్ళకు మనిషి తన చేత్తో వేసిన ముగ్గునే నేల అనుకుంటాడు.

అక్క నడవడం మొదలుపెట్టింది. తిట్టుకుంటూనే మొదలుపెట్టి, రాను రాను దాని రుచి మరిగింది. పక్కింటి రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య తోడయ్యారు. గాలాయన లెక్కకట్టి చెప్పిన టైము అని మాస్టారు వీధిలో చాటింపు వేశారు. అంతే, ఐదయ్యేసరికి వీధి వీధంతా పార్కులో ఉండేది. తెల్లవారుజామున ఏదో పెళ్ళికి బయల్దేరినట్టు కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళు. పైనుంచి చూసి నేను దుప్పటి కప్పుకునేదాన్ని. నాకు బద్ధకం. నా బద్ధకమే నన్ను కాపాడింది, నన్ను మెచ్చుకోవడానికేం లేదు.

బావ మాత్రం వెళ్ళేవాడు కాదు. ఐదింటికి యంత్రాలకు పరీక్ష కదా. అన్ని పెట్టెలూ సరిగ్గా సున్నా చూపించాయో లేదో ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూసుకునేవాడు. అక్క పార్కులో, ఆయన తెర ముందు. పార్కు పెట్టె సున్నా చూపించగానే "బ్రహ్మాండం" అనుకునేవాడు.

మొదటి చలికాలంలో ఒక పొద్దున అక్క నడిచొచ్చి, చెప్పులు విప్పుతూ అంది: "పార్కులో ఏదో మాడిన వాసనగా ఉంటోందండీ. గొంతులో గరగర."

బావ ఫోన్ తీసి చూశాడు. "పచ్చగా ఉందే! ఎవరో చెత్త తగలబెట్టుంటారు."

"రోజూనా?"

"చెత్త రోజూ ఉండదా మరి?"

అక్క నవ్వేసింది. తన ముక్కు కన్నా ఆయన ఫోన్‌నే నమ్మింది. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ తప్పనిపించలేదు. ముక్కులు పొరపాటు పడతాయి, లక్షలు పోసి కొన్న యంత్రం పొరపాటు పడుతుందా? పార్కులో చెట్ల కింద పొగలా ఉండే దాన్ని మంచు అన్నారు అందరూ. చలికాలం మంచు పడక ఏం పడుతుంది?

దగ్గు మొదలైంది. ముందు పొడి దగ్గు, తర్వాత రాత్రుళ్ళు లేచి కూర్చునే దగ్గు. మెట్లు ఎక్కి నా దగ్గరకొస్తే మాట్లాడటానికి కాసేపు ఆగాల్సి వచ్చేది. బావ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా, దుమ్ములో పని చేస్తుందా, ఎక్కడైనా పొగ పీలుస్తుందా అని ఆమె అన్నీ అడిగింది. అన్నిటికీ లేదు లేదనే జవాబు. "పొద్దున్నే మంచి గాలిలో నడుస్తుంది డాక్టరుగారూ, గాలి సంగతి నేను రోజూ చూస్తాను, నా ఉద్యోగమే అది" అన్నాడు బావ. ఆమె సంతోషించి, ఆ ఒక్కటీ మానొద్దంది.

మానలేదు. మాననివ్వలేదు. ఒక పొద్దున నేను నీళ్ళ మోటారు వేయడానికి కిందికి దిగేసరికి అక్క గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది. "ఇవాళ ఒక్కరోజు మానేస్తానండీ. ఆయాసంగా ఉంది" అంటోంది. బావ లోపలి నుంచి శాలువా తెచ్చి ఆమె మెడ చుట్టూ, చెవుల మీదుగా, అమ్మ చుట్టినట్టు చుట్టాడు. "ఆ ఆయాసం పోవాలంటేనే వెళ్ళాలి. ఇంట్లో మూలుగుతూ కూర్చుంటే ఇంకా పట్టేస్తుంది. గాలి చూడు ఎంత బాగుందో ఇవాళ." ఫోన్ చూపించాడు. అక్క దాన్ని చూసి, గోడ వదిలి, మెల్లగా గేటు దాటింది. ప్రేమ లేక పంపాడా? ప్రేమతోనే పంపాడు. అదే నాకు మింగుడుపడదు. పగవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఏడాది తిరిగేసరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు. ఎందుకని అడిగితే, కొందరికి కారణం తెలియకుండానే వస్తుందన్నారు. అప్పటికే మొదలైన మాస్టారి దగ్గును వయసు మీదకు తోశారు, ఆయన భార్య దగ్గును ఆమె పుట్టింటి మీదకు తోశారు. అక్క మంచం పట్టింది. కింది గదిలో కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ఆక్సిజన్ ఇచ్చే మిషను. అది పగలూ రాత్రీ గురగురమంటూనే ఉండేది. భారీ మనిషి సగానికి సగమైపోయింది, అయినా లేపడం నా వల్ల అయ్యేది కాదు. బావే లేపేవాడు, బావే పడుకోబెట్టేవాడు, ఒళ్ళు తుడిచేవాడు, తల దువ్వేవాడు. ఆఫీసు పని చాలావరకు ఇంట్లోంచే చేసుకున్నాడు. "నా మూలాన మీ బతుకు ఇలా అయింది" అని అక్క ఏడిస్తే, "నోర్ముయ్యవే" అని కళ్ళు తుడిచేవాడు. మొగుడంటే ఇలా ఉండాలని వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు పాఠాలు చెప్పారు.

అప్పుడు సిలిండర్ల లారీ రాలేదు. సరఫరా చేసేవాడికీ ఆఫీసుకూ ఏదో గొడవ. పార్కు పెట్టెలో శుద్ధ గాలి సిలిండర్ అయిపోయింది. సిలిండర్ ఖాళీ అయితే సాఫ్ట్‌వేర్ పరీక్ష ఎగ్గొట్టేస్తుంది. గొట్టం మూసుకోలేదు. పెట్టిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పెట్టె ఐదింటి గాలి పీల్చింది.

ఎరుపు వచ్చింది. మామూలు ఎరుపు కాదు, గ్రాఫ్ అంచు దాటిపోయే ఎరుపు. బావ చూసి, అందరూ చేసేదే చేశాడు, కొట్టేశాడు. వాళ్ళకు ఒక సూత్రం ఉంది: ముందు గంటకూ ఈ గంటకూ పొంతన లేకుండా అంకె ఎగిరితే అది యంత్రం జబ్బు, గాలి జబ్బు కాదు. కొట్టేసి ఆ చోట నాలుగింటి అంకె పొడిగించాడు. మర్నాడు మళ్ళీ అదే గంటకు అదే ఎరుపు. మళ్ళీ కొట్టేశాడు. ఆ మర్నాడూ వచ్చింది. జబ్బు చేసిన యంత్రం గడియారం చూసుకుని జబ్బు పడుతుందా అని ఆ రోజు ఆయనకు అనుమానం పుట్టింది.

మర్నాడు పొద్దున చేతిలో పట్టుకునే చిన్న మీటరు తీసుకుని పార్కుకు వెళ్ళాడు. అక్కకు తోడుగా నన్ను కింద కూర్చోబెట్టాడు. తెల్లగా తెల్లవారాక తిరిగొచ్చాడు. లోపలికి రాలేదు. నేను బయటికి వెళ్ళేసరికి నా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, మీటరు ఒళ్ళో పెట్టుకుని.

"ఏమైంది బావా?"

"ఐదింటికి ఫ్యాక్టరీవాళ్ళు కొలిమి కడుగుతున్నారు" అన్నాడు. "మసి, బూడిద, ఘాటు, అంతా ఒక్కసారే వదుల్తున్నారు. ఆ వేళ గాలి కదలదు. కింద చల్లగాలిని పైనున్న వెచ్చగాలి మూతలా కప్పేసి ఉంటుంది. అదంతా పార్కులో దిగి కూర్చుంటోంది. ఆరుకు ముందే ఆపేస్తున్నారు, గాలి కదిలి చెదిరిపోతోంది. మిగిలిందేమైనా ఉంటే పొద్దుటి బండ్ల లెక్కలో కలిసిపోతోంది."

"ఐదింటికే ఎందుకు?"

"మేం చూడని గంట అది ఒక్కటేగా. వెబ్‌సైట్లో పెట్టాంగా."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన తల వంచుకుని, "నేనే వెతికి పెట్టాను మరదలా. ఇరవై నాలుగు గంటల్లోంచి ఏరి ఏరి మీ అక్కకు ఆ గంటే ఇచ్చాను" అన్నాడు. కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి ఎత్తితే, ముందే దెబ్బలు తిన్నవాడిలా కూర్చుని ఉన్నాడు. లోపల మిషను గురగుర వినిపిస్తూనే ఉంది.

ఆఫీసుకు వెళ్ళాడు. పెద్దాఫీసరు అంతా విని, తలుపు వేసి రమ్మన్నాడట. "అతుకు ఎవరి ఉపాయం?" అని అడిగాడట. "నాదే." "నేను సంతకం పెట్టింది దేనికి? నీ మాట నమ్మి. ఇన్నేళ్ళ రిపోర్టులు పైకి పోయాయి. ఇప్పుడు అవన్నీ తప్పని రాస్తే నీ ఉద్యోగం, నా ఉద్యోగం, ఈ ఆఫీసూ ఉంటాయా? పరీక్ష వేళ మారుద్దాంలే, మెల్లగా, ఇంకేదైనా కారణం చెప్పి. మీ ఆవిడ ఒంట్లో బాగాలేదు కదా, నువ్వు కొన్నాళ్ళు సెలవు తీసుకో." ఫ్యాక్టరీకి నోటీసు ఇవ్వమంటే, దేని ఆధారంగా అని అడిగాడట. ఆ ఎరుపు అంకెలన్నీ యంత్రం జబ్బని కొట్టేసి ఉన్నాయి. కొట్టేసిన చోట బావ పేరే ఉంది.

అదే వారం సిలిండర్లు వచ్చాయి. సెలవులో ఉన్న బావ చేతికి ఆ సాఫ్ట్‌వేర్ ఇక అందదు. అతుకు మళ్ళీ మొదలైంది. ఐదింటికి మళ్ళీ పచ్చ.

ఇక మిగిలింది పార్కు. జనానికైనా చెబుదామని ఒక పొద్దున బావ వెళ్ళాడు. ఈసారి నేనూ వెళ్ళాను, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. ఆ వాసన నాకు ఇవాళ్టికీ వదల్లేదు. మాస్టారు, ఆయన భార్య, ఇంకో పదిమంది చేతులు ఊపుకుంటూ వస్తున్నారు. బావ దారికి అడ్డంగా నిలబడి, "ఆగండి, ఇంటికెళ్ళిపోండి, ఈ గాలి విషం" అన్నాడు.

మాస్టారు ఫోన్ తీశారు. "పచ్చగానే ఉందే?"

"అది నిజం కాదు. నాలుగింటి అంకె అది."

"ఐదింటి అంకె అని రాసుందండీ ఇక్కడ."

"అలా చూపించేట్టు నేనే పెట్టాను మాస్టారూ!"

మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఎంతో మర్యాదగా, ఎంతో జాలిగా. "మీ ఆవిడకు అలా అయినప్పటి నుంచీ నిద్ర లేదు మీకు. మాకు తెలియదా? మీరు చెప్పిన టైమే కదండీ ఇది. మీ మాట మీద ఇన్నేళ్ళు నడిచాం, మాకేమైంది?" అని అంటూనే దగ్గారు. మిగతావాళ్ళు మమ్మల్ని తప్పుకుని రెండు పక్కల నుంచీ వెళ్ళిపోయారు. వెనక ఎవరో, "పాపం, గాలాయనకు గాలి సోకింది" అన్నారు. నవ్వు వినిపించింది. నేను తిరగబడి నానా మాటలూ అన్నాను. ఈవిడ సంగతి తెలిసిందేగా అన్నట్టు చూశారు. నా అరుపులకు ఆ వీధిలో ఎప్పుడు విలువుంది గనక?

ఇంటికొచ్చేటప్పుడు దారిలో బావ, "తనకి చెప్పేస్తాను" అన్నాడు.

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "చెప్పి? అక్క ఊపిరి తిరిగొస్తుందా?"

"తన ప్రాణం కదా. ఎందుకు పోతోందో తనకి తెలియద్దా?"

"తెలిస్తే నీ బరువు దిగుతుంది, అంతేగా? దించుకోవడానికి ఆ మనిషి గుండె తప్ప ఇంకో చోటు దొరకలేదా నీకు? చెప్పకు బావా. నా మీద ఒట్టు, చెప్పకు."

నాలుగు రోజులు బావ ఆ ఊసెత్తలేదు. ఆ నాలుగు రోజులూ అక్క మొహంలోకి చూడకుండానే అన్నీ చేశాడు. అది కనిపెట్టి అక్కే అడిగింది, ఒక మధ్యాహ్నం, ఏమిటండీ అలా ఉన్నారని. నేను పాలగ్లాసుతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచం పక్కన కింద కూర్చుని చెబుతున్నాడు. ఆపడానికి ఆలస్యమైపోయింది. పరీక్ష గంట, అతుకు, కొలిమి, అన్నీ చెప్పాడు. ఏదీ తగ్గించలేదు, ఎవరి మీదా తొయ్యలేదు.

అక్క కళ్ళు మూసుకుని వింది. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ అడిగింది.

"ఆ మాడిన వాసన... అదేనా?"

"అదే."

"నేను చెప్పాను కదండీ."

"చెప్పావు."

"మానేస్తానన్న రోజున కూడా..."

"నేనే పంపించాను."

అక్క ఏడవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి. కళ్ళు తెరిచి, ఆయన వైపు కాదు, పైకప్పు వైపు చూస్తూ అంది:

"ఎందుకు చెప్పారండీ నాకు? ఇన్నాళ్ళూ నా ఒంటి మీదే నాకు కోపం. మాయదారి ఒళ్ళు, మీకు చాకిరీ మిగిల్చిందని తిట్టుకునేదాన్ని. పోతే పోయానులే, ఇంత మంచివాడి చేతుల మీద పోతున్నాను, ఆ ఒక్కటీ చాలనుకునేదాన్ని. అది కూడా ఉంచలేదు మీరు."

గుమ్మంలో నా చేతిలో పాలు చల్లారిపోయాయి. లోపలికి వెళ్ళాలో, వెనక్కి వెళ్ళిపోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

"లేపండి" అంది అక్క కాసేపటికి. "వీపు మంట పుడుతోంది."

ఆయన లేచి, రోజూ లాగే వంగి, ఆమె నడుము కింద రెండు చేతులూ పోనిచ్చాడు. లేపేటప్పుడు అక్క ఎప్పుడూ ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసేది. ఆ రోజు వెయ్యలేదు. రెండు చేతులతోనూ మంచం పట్టె పట్టుకుంది. ఆ తర్వాత చలికాలం సగం దాకా బతికింది. ఆయన రోజుకు ఎన్నిసార్లు లేపినా, వేళ్ళు తెల్లబడేలా ఆ పట్టె పట్టుకునే లేచేది.